కొండవాగు చేప చేతికెందుకు రాదు

ఒకప్పుడు కొండవాగుల్లో చేపలకు మనుషులంటే భయం ఉండేది కాదు. వాటి ఒంటిమీద మచ్చలూ ఉండేవి కావు. తల నుంచి తోక దాకా తోమిన వెండిగిన్నెలా తళతళలాడేవి. మనిషి నీడ నీళ్ళమీద పడితే పారిపోవడం మాట అటుంచి, ఎవరొచ్చారో చూద్దామని మూతులు పైకి పెట్టేవి.

ఆ రోజుల్లో కొండల మీద గాలం లేదు. వల లేదు. గాలమంటే ఏమిటో కూడా ఎవరికీ తెలియదు. మరి చేపల్ని ఎలా పట్టేవారంటారా? చేత్తో. ఉత్త చేత్తో! నవ్వకండి, నిజంగానే.

ఆ కొండల నడుమ లోతైన సరస్సు ఒకటి ఉండేది. దాన్ని అద్దాలమడుగు అనేవారు. చలికాలమంతా అది తెల్లటి మంచు దుప్పటి కప్పుకుని ఉండేది. చేపలు అడుగున, చీకట్లో, కదలకుండా పడుకునేవి. పిలిచినా పలికేవి కావు. మీరు చలిరోజుల్లో పొద్దున్నే పక్క దిగుతారా ఏమిటి? అవీ అంతే.

ఇంతలో కొండమీద బూరుగుచెట్లు ఎర్రగా పూసేవి. మంచు విడిపోయేది. మధ్యాహ్నం ఎండ నీళ్ళ అడుగుదాకా దిగి, అక్కడి గులకరాళ్ళను వెచ్చగా నిమిరేది. ఆ మడుగులోకి జోలవాగు అని ఒక వాగు దిగుతుంది. దాని నీళ్ళు అప్పటికి సన్నబడి, అడుగున చీమ నడిచినా కనబడేంత తేటగా అయ్యేవి. చేపలకు అదే కబురు. గుంపులు గుంపులుగా వాగు ఎక్కేవి. పైన గులకరాళ్ళ మడుగుల్లో గుడ్లు పెట్టడానికి వెళ్ళేవి.

వాగు ఒడ్డున ఊళ్ళోవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. చేప కావలసినవాళ్ళు వాగు పక్కన కూర్చుని ముందు చెయ్యి నీళ్ళలో పెట్టాలి. మోచేతి దాకా ముంచి, అలాగే ఉంచాలి. వాగు నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చెయ్యి కూడా అంత చల్లబడాలి. దీన్ని చెయ్యి చల్లార్చడం అనేవారు. చేప ఒంటిమీద పల్చటి జిగురుపొర ఉంటుంది, అదే దాని చొక్కా. పొడిచెయ్యి తగిలితే ఆ చొక్కా చిరిగిపోతుంది. వేడిచెయ్యి తగిలితే మనకు పెనం అంటుకున్నట్టే దానికి.

చెయ్యి చల్లబడిందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకో పాట ఉండేది. చెయ్యి ముంచినప్పుడు మొదలుపెట్టి, మొత్తం పాడాలి. పాట అయ్యేసరికి చెయ్యి చల్లబడుతుంది.

"వాగమ్మా వాగమ్మా, వచ్చినాను నాను
సేతిలో ఏటీ నేదు, సెయ్యొకటే తెచ్చినాను
నిండిన కడుపమ్మా, నీ దారి నీది
తీరిన కడుపమ్మా, నా ఇల్లు నీది."

ఇంతే పాట. నిదానంగా నాలుగుసార్లు పాడాలి. తొందరగా పాడితే వాగు ఒప్పుకునేది కాదు. "మళ్ళీ మొదట్నించి!" అనేది.

పాట పూర్తయ్యేసరికి ఏదో ఒక చేప వచ్చి అరచేతిలో పడుకునేది. బొటనవేలితో దాని పొట్ట మెల్లగా నిమిరితే తెలిసిపోయేది. పొట్ట నిండుగా ఉంటే గుడ్లున్నట్టు. "వెళ్ళమ్మా" అని వదిలెయ్యాలి. పొట్ట ఖాళీగా ఉంటే గుడ్లు పెట్టేసినట్టు. అందులోనూ ముసలి చేపలైతే తమంతట తామే, "నా పనయిపోనాది. పద, మీ ఇంటికి పోదాం" అనేవి. ఇంటికొక చేప, అంతే. రెండోది అడిగినవాళ్ళు లేరు.

ఊరికే తీసుకునేవారు కాదు సుమా. చలికాలంలో ఊరంతా వాగులో దిగి, గులకరాళ్ళ మీద పేరుకున్న ఆకులన్నీ ఏరి శుభ్రం చేసేవారు. చేపలు వచ్చేసరికి మడుగులు అలికిన ఇళ్ళలా ఉండేవి. ఇచ్చిపుచ్చుకోవడం అంత చక్కగా సాగేది. ఎంత చక్కగా సాగేదో తలుచుకుంటేనే ఇప్పుడు గుండె బరువెక్కుతుంది.

ఆ ఊళ్ళో సోములు అని ఒకాయన ఉండేవాడు. పిల్లలందరికీ చెయ్యి చల్లార్చడం నేర్పేది ఆయనే. తొందరపడే పిల్లల చెవి మెలిపెట్టి, "సేప నీకోసం కొండెక్కి వచ్చినాది. నువ్వు దానికోసం ఒక పాట పాడలేవేటి?" అనేవాడు. ఆ చెయ్యంటే చేపలకు ఎంత నమ్మకమంటే, ఆయన పాట ఎత్తుకోగానే మూడు నాలుగు పోటీపడి వచ్చేవి.

వాటిలో తళుకమ్మ అని ఒక చేప. మూడేళ్ళుగా ఆయన చేతిలోకి వస్తోంది. మూడేళ్ళూ పొట్ట నిండుగానే ఉండేది. మూడేళ్ళూ ఆయన వదిలేశాడు. అలా వాళ్ళిద్దరికీ చుట్టరికం కుదిరింది. అది ఆయన్ని అన్నా అనేది, ఆయన దాన్ని చెల్లీ అనేవాడు.

సోములుకు భార్య లేదు. ఒక్కతే కూతురు, చిలకమ్మ. ఆ ఏడు ఆమె పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చింది. బూరుగుపూలు రాలడం మొదలైన రోజునే ఆడపిల్లను కన్నది. సోములు మురిసిపోయాడు. ఊరంతా తిరిగి, "మనవరాలు! నా ముక్కే!" అని చెప్పుకున్నాడు. ఆయన ముక్కు అంత గొప్పదేం కాదు, కానీ అది వేరే సంగతి.

మూడో రోజు సోములు వాగు అవతలి వాలులో పోడు కాలుస్తున్నాడు. పోడంటే తెలుసు కదా, కొండవాలులో పొదలు కొట్టి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లుతారు. కాలుతున్న కొమ్మల్ని మంటలోకి తోసి తోసి ఆయన చేతులు మోచేతుల దాకా మసిపట్టిపోయాయి. కణకణ వేడెక్కిపోయాయి.

అప్పుడు కింది నుంచి కేక వినిపించింది. పురుడు పోసిన మంత్రసాని బోడెమ్మ ఆయాసపడుతూ వాలు ఎక్కి వస్తోంది.

"సోములూ! ఓ సోములూ! ఆ మంట తరవాత ఎగదోద్దువు గానీ, ఇలా రా!"

"ఏటయినాది పిన్నీ?"

"సిలకమ్మకి పాలు పడనేదు. మూడు దినాలయినాది. పసిగుంట ఏడ్సి ఏడ్సి గొంతు పోనాది. మేకపాలు పడితే కక్కీసినాది. ఊళ్ళో పాలిచ్చే తల్లి ఇంకొకర్తి నేదాయె. తేనెసుక్క ఎన్నాళ్ళు నాకుతాది?"

సోములు చేతిలోని కొమ్మ పడేశాడు. "మరి ఏటి సెయ్యాల?"

"వాగుసేప పులుసు కావాల. ఎల్లిపాయలు దంచేసి పలచగా కాసి తాగిస్తే పాలు దిగుతాయి. నువ్వు పుట్టినపుడు మీ అమ్మకీ అలాగే దిగినాయి. పొద్దు వాలే లోపల తెచ్చీవాల. బేగా ఎల్లు!"

సోములు పరుగెత్తాడు. ముళ్ళపొదలు గీసుకున్నా చూసుకోలేదు. కాలు జారి రెండుసార్లు పడ్డాడు. వాగు ఒడ్డున నల్లబండ ఒకటుంది, ఎప్పుడూ ఆయన కూర్చునే చోటు. అక్కడికొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

జోలవాగు ఆయన్ని చూసి ఉలిక్కిపడింది. "సోములూ, సేతులేటి అలా ఉన్నాయి? కుంపట్లో పెట్టి తీసినట్టున్నాయి. ముందు ముంచు. పాట అందుకో."

"పాటకిది ఏళ కాదమ్మా!" అన్నాడు సోములు.

బండ పక్కన ఎండ కాచుకుంటున్న పీత కళ్ళు రెండూ పైకి లేపింది. "పాటకి ఏళ కాదట! పిల్లల సెవులు మెలిపెట్టింది ఈయన కాదూ?" అంది. కొమ్మమీది లకుముకిపిట్ట కిచకిచా నవ్వింది. పాపం, వాటికేం తెలుసు.

ఆ అడుగుల చప్పుడు గుర్తుపట్టి తళుకమ్మ వచ్చేసింది. పొట్ట నిండుగా ఉంది. రోజో రెండురోజుల్లో గుడ్లు పెట్టాలి. అయినా బండ దగ్గరికంటా వచ్చి తల పైకెత్తింది.

"అన్నా! మంటవాసన వస్తన్నాది. ఏటి అలా ఉన్నావు? ఏడ్సినావేటి?"

"సెల్లీ, నాకొక సేప కావాల. ఇప్పుడే కావాల. గుంటకి పాలు నేవు."

తళుకమ్మ బండకు ఇంకా దగ్గరగా జరిగింది. "నా కడుపు ఖాళీగా ఉంటే నానే వద్దును అన్నా. మా పెద్దక్క పొద్దున్న పైమడుగులో గుడ్లు పెట్టీసినాది. దాన్ని పిలుస్తాను. నువ్వు సెయ్యి సల్లార్సుకో. పాట అయ్యేసరికి అక్క నీ సేతిలో ఉంటాది. సరేనా?"

"సరే సెల్లీ. బేగా ఎల్లు."

తళుకమ్మ వెనక్కి తిరిగింది. సోములు చేతులు నీళ్ళకేసి చాచాడు. అంతా సరిగ్గానే జరుగుతోంది. ఇంకొక్క బెత్తెడు కిందికి దింపి పాట మొదలుపెట్టి ఉంటే, ఈ కథే ఉండేది కాదు.

అప్పుడే ఊరి వైపు నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. సన్నగా, కీచుగా, పిల్లి పిల్ల ఏడ్చినట్టు. గాలి దాన్ని వాగు మీదుగా మోసుకొచ్చింది. సోములు చెవులు రిక్కించాడు. ఏడుపు ఇంకా సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగిపోయింది.

మళ్ళీ మొదలవుతుందేమోనని చూశాడు. మొదలవలేదు.

ఏడుపు వినబడినంతసేపూ ఆగగలిగినవాడు, అది ఆగిపోయేసరికి ఆగలేకపోయాడు. చేతులు రెండూ వాటంతటవే నీళ్ళలోకి దూసుకుపోయాయి. వెళ్ళిపోతున్న తళుకమ్మను చెరోపక్కనుంచీ ఒడిసిపట్టి పైకి లాగేశాయి.

"అన్నా!" అని అరిచింది తళుకమ్మ. "మండిపోతన్నాది అన్నా! సెయ్యి! సెయ్యి సల్లార్సనేదు!"

ఆయన వినలేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అంత గట్టిగా పట్టుకునేసరికి నిండుపొట్ట నలిగి గుడ్లు జారిపోయాయి. నల్లబండ మీద, ఎండకు కాలుతున్న రాతిమీద, సామగింజల్లా చెదిరిపోయాయి.

లకుముకిపిట్ట నోరు పడిపోయింది. పీత గబగబా పక్కకు పాకి, గుడ్లను నీళ్ళలోకి తోద్దామని చూసింది. దాని కొండీలకు అవి చిక్కలేదు. "ఏటి సేసినావు సోములూ," అంది. "ఏటి సేసినావు."

సోములు ఆ గుడ్లను చూశాడు. అప్పుడొచ్చింది ఆయనకు తెలివి. తళుకమ్మను నీళ్ళలోకి దింపాడు. అది పక్కకు ఒరిగిపోయింది. ఆయన గుడ్లను చేత్తో ఏరబోయాడు. మసి వేళ్ళకు అవి అంటుకుపోయాయి కానీ ఒక్కటీ నీళ్ళలోకి జారలేదు. వేళ్ళు విదిలించాడు. రాలేదు. ఇక ఆయనకు ఏడుపు ఆగలేదు. పెద్దవాడు, ఊళ్ళో పిల్లలకు పద్ధతి నేర్పేవాడు, బండమీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాసేపటికి తళుకమ్మ మెల్లగా నిలదొక్కుకుంది. దాని రెండుపక్కలా ఐదేసి నల్లటి మచ్చలున్నాయి. జిగురుచొక్కా కాలి, మసి లోపలికంటా ఇంకిపోయింది. వాగు దానిమీదుగా ఎన్ని నీళ్ళు పారించినా మచ్చలు పోలేదు. తళుకమ్మ ఆయన వంక చూడకుండా ఈదుకుంటూ వెళ్ళి ఒక రాతికింద దాక్కుంది.

సరిగ్గా అప్పుడు పైనుంచి, వాగు వంపు తిరిగి, ఒక ముసలి చేప వచ్చింది. తళుకమ్మ పెద్దక్క. పొట్ట ఖాళీగా ఉంది.

ఎవరు పిలిచారు దాన్ని? ఎవరూ పిలవలేదు. పసిపిల్ల ఏడుపు పొద్దుటినుంచీ నీళ్ళలోకి కూడా వినిపిస్తూనే ఉంది. "ఎవరింట్లోనో పాలు నేవు" అనుకుని, గుడ్లు పెట్టడం అవగానే తనే బయల్దేరింది. అప్పటికి వంపుదాకా వచ్చేసింది కూడా. సోములు పాట మొదలుపెట్టి ఉంటే, పాట సగమయ్యేసరికే చేతిలోకి వచ్చి ఉండేది.

పెద్దక్క రాతికింద ఉన్న చెల్లెల్ని చూసింది. బండమీద గుడ్లను చూసింది. వాగు చప్పుడు చెయ్యడం మానేసింది.

సోములు, "ఎల్లిపో అక్కా," అన్నాడు. "నానేటీ అడగను. ఎల్లిపో."

"సెయ్యి నీళ్ళలో పెట్టు తమ్ముడూ," అంది పెద్దక్క.

"పెట్టలేనక్కా. ఈ సెయ్యి పెట్టలేను."

"పెట్టు. మా సెల్లి నీకు మాట ఇచ్చినాది, నాకు వినబడింది. గుంట తప్పేటీ నేదు కదా? మసి కడుక్కో. ముంచు. పాట పాడు. ఈసారి మధ్యలో ఆపకు."

సోములు ఇసుక పెట్టి చేతులు రుద్దుకున్నాడు. మోచేతి దాకా ముంచాడు. పాడాడు. "నిండిన కడుపమ్మా, నీ దారి నీది" అనే చోటికి వచ్చేసరికి మాట పెగల్లేదు. వాగే అందించింది. నాలుగుసార్లు పూర్తయ్యాక పెద్దక్క వచ్చి ఆయన అరచేతిలో పడుకుంది.

"తమ్ముడూ, ఇదే ఆకరి సేప," అంది. "నీకొక్కడికే కాదు, మీ అందరికీ. కోపంతో సెప్పనేదు. మా పిల్లల్ని ఇకమీద సేతుల్లోకి ఎల్లమని నానెలా సెప్పేది? నువ్వే సెప్పు. ఎలా సెప్పేది?"

సోములు పెద్దక్కను జాగ్రత్తగా నీళ్ళలోంచి ఎత్తాడు.

ఆయన పరుగెత్తలేదు. చేపను రెండు చేతుల్లో పెట్టుకుని మెల్లగా నడిచి ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో భయపడుతూ ఆగాడు. లోపల పసిపిల్ల తల్లి పక్కన ముడుచుకుని ఉంది. చిన్న పొట్ట పైకీ కిందికీ ఆడుతోంది.

"ఇందాక ఏడుపు ఆపీసినాదేటి?" అని అడిగాడు.

"అలిసిపోనాది నాన్నా," అంది చిలకమ్మ. "కునుకు పట్టినాది, అంతే."

కునుకు! అంతే! సోములు గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

బోడెమ్మ పులుసు కాచింది. చిలకమ్మ తాగింది. పొద్దు వాలే వేళకు పాలు పడ్డాయి. పిల్ల కడుపునిండా తాగి, గుటకలు వేసి, మళ్ళీ నిద్రపోయింది. ఊరంతా సంతోషించారు. సోములు కూడా సంతోషించాడు, ఎందుకు సంతోషించడు? కానీ పులుసు గిన్నె వైపు చూడలేదు. పిల్లకు వాగు పేరే పెట్టారు, జోలమ్మ అని.

తళుకమ్మ పొట్టలో ఇంకా కొన్ని గుడ్లు మిగిలాయి. రెండు రోజులకు అది పైమడుగు ఎక్కి వాటిని గులకరాళ్ళ మధ్య పెట్టింది. పిల్లలు పుట్టాయి. చూస్తే ఏముంది! ఒక్కొక్క పిల్లకీ రెండుపక్కలా ఐదేసి చుక్కలున్నాయి. వాటిని ఏ చెయ్యీ ముట్టుకోలేదు. అయినా చుక్కలున్నాయి.

తళుకమ్మ వాటిని దగ్గరికి పిలిచి ఇలా చెప్పింది. "పిల్లలూ, ఎప్పుడూ వాగు పైకి తిరిగి నిలబడండి. ఎదురునీళ్ళకి మూతి పెట్టండి. పైనుంచి వచ్చే నీళ్ళలో మసివాసన ఉందేమో, వేడి ఉందేమో ముందే తెలుస్తాది. రాయి వెనక ఉండండి. నీళ్ళు తేటగా ఉన్ననాడు మరీ జాగర్త. మీకు వాళ్ళు కనబడినట్టే, వాళ్ళకీ మీరు కనబడతారు. నీడ పడిందా, ఎవరిదో అని సూడకండి. పారిపోండి."

"మంచోళ్ళ నీడ పడితేనో అమ్మా?" అంది ఒక చిట్టి చేప.

"మా అన్న మంచోడే," అంది తళుకమ్మ. "పారిపోండి."

మరుసటి ఏడు బూరుగుచెట్లు పూశాయి. ఊరివాళ్ళు వాగు దగ్గరికొచ్చి, పద్ధతిగా చేతులు ముంచి, పద్ధతిగా పాట పాడారు. ఒక్క చేప రాలేదు. ఎదురునీళ్ళలో, రాళ్ళ వెనక, మచ్చల వీపులు కనబడేవి. మనిషి నీడ పడగానే మెరుపులా మాయమయ్యేవి. ఆ పైయేడూ అంతే. ఇక మూడో ఏడు ఎవరో ఒక ముల్లును వంచి దానికి నార కట్టి, కొసన పురుగును గుచ్చారు. అదే మొదటి గాలం.

సోములు వద్దని మొత్తుకున్నాడు. "ఆగండి, ఎప్పటికో నమ్ముతాయి. మనం ఓపిక పట్టాల" అన్నాడు.

"ఓపిక సంగతి నువ్వు సెప్పాలా మావా?" అన్నాడు ఆ గాలంవాడు. అతడూ ఒకప్పుడు సోములు చేత చెవి మెలిపెట్టించుకున్నవాడే. సోములు తల వంచుకుని వచ్చేశాడు.

అప్పటినుంచి చలికాలంలో మడుగుల్లో ఆకులు ఏరడానికి ఎవరూ రాలేదు. చేపలు చేతికి రానప్పుడు వాటి ఇల్లు మనమెందుకు ఊడవాలి అనుకున్నారు. సోములు ఒక్కడే దిగేవాడు. ఒక్కడే మడుగు తరవాత మడుగు ఏరేవాడు. నడుము వంగిపోయినా మానలేదు.

ఏడేళ్ళు గడిచాయి. ఒక వసంతంలో జోలమ్మ తాతతో పాటు నల్లబండ దగ్గరికి వచ్చింది. తాత ఎప్పట్లాగే చెయ్యి ముంచి పాట పాడాడు. ఒక్క మాటా వదల్లేదు. జోలమ్మ కూడా పక్కన కూర్చుని చిన్న చెయ్యి ముంచింది. చాలాసేపటికి రాయి వెనకనుంచి ఒక చేపపిల్ల బయటికొచ్చింది. ముందుకు జరిగింది. ఆగింది. మళ్ళీ జరిగింది. వాళ్ళ చేతులకు జానెడు దూరంలో నిలబడిపోయింది.

"తాతా, ఎంత బాగుందో సూడు!" అంది జోలమ్మ గుసగుసగా. "దాని ఒంటిమీద ఆ సుక్కలేటి తాతా?"

సోములు నీళ్ళలోంచి చెయ్యి పైకి తీసి చూపించాడు. ముడతలుపడిన ఐదు వేళ్ళు. వాటినుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నా ఏళ్ళమ్మా," అన్నాడు. "అప్పుడు నువ్వు మూడు దినాల పిల్లవి. ఏడ్సి ఏడ్సి నిద్రపోయినావు. నాను ఒక పాట పాడినంతసేపు ఆగలేకపోయినాను."

జోలమ్మకు అర్థమైందో లేదో. తాత చెయ్యి పట్టుకుని మళ్ళీ నీళ్ళలో ముంచింది. "మళ్ళీ పాడు తాతా," అంది.

ఆయన పాడాడు. చేపపిల్ల వింది. పాటంతా విన్నది కానీ ఆ జానెడు దూరం మాత్రం దాటలేదు. పాట అయ్యాక మెల్లగా వెనక్కి తిరిగి రాయి వెనక్కి వెళ్ళిపోయింది.

అప్పటినుంచే కొండవాగు చేప ఒంటిమీద రెండుపక్కలా నల్లటి చుక్కలుంటాయి. అప్పటినుంచే అది ఎప్పుడూ ఎదురునీళ్ళకు మూతిపెట్టి, రాయి చాటున నిలబడుతుంది. వసంతంలో వాగు తేటపడినప్పుడు మన నీడ చూస్తే చాలు పారిపోతుంది. కావాలంటే ఎప్పుడైనా కొండవాగులో చెయ్యి ముంచి, అది చల్లబడేదాకా కదలకుండా కూర్చోండి. ఒక చిన్న చేప దగ్గరికొస్తుంది. జానెడు దూరంలో ఆగి, ఏదో వినాలన్నట్టు కాసేపు అలాగే నిలబడుతుంది. ఆ పాట ఇప్పుడెవరూ పాడరు కదా, చూసి చూసి వెళ్ళిపోతుంది.